దబ్బనం, దారం, వచ్చేవారం

మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతల కింద ఒక పుస్తకం ఉండేది. అచ్చాఫీసు వాళ్ళు చేసిన పుస్తకం కాదు, అమ్మ కుట్టిన పుస్తకం. వారపత్రికలో సీరియల్ వచ్చిన పేజీలని వారం వారం జాగ్రత్తగా చించి, బియ్యం డబ్బా కింద అణిగేలా పెట్టి, ఇరవై మూడు వారాలు పోగయ్యాక గోనెసంచులు కుట్టే దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొస దూర్చి ముడేసింది. పైన పాత కేలెండరు అట్ట. అంటించడానికి మైదా ఉడికించిన బంక. పురుగు పట్టకుండా ఆ బంకలో చిటికెడు మైలుతుత్తం. యాభై ఏళ్ళు దాటినా ఆ పుస్తకానికి ఒక్క చిల్లు లేదు.

సీరియల్ పేజీ వెనక ఏది అచ్చయితే అదీ పుస్తకంలో భాగమే. కథానాయిక కళ్ళు తుడుచుకుంటుంది, కాగితం తిప్పుతాం, వెనక కాకరకాయ పులుసు చేసే పద్ధతి. కథానాయకుడు మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకున్న పేజీకి అవతల కన్యారాశి వారఫలం: ఆకస్మిక ధనవ్యయం, దూరప్రయాణం. చిన్నప్పుడు నాకు ఇవన్నీ ఒకే కథ అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, అప్పుడు అనిపించిందే నిజమేమో.

ఇరవై నాలుగో వారం మాత్రం ఆ పుస్తకంలో లేదు. అది చివరి వారం. చదివి ఇస్తానని పక్కింటి పిన్నిగారు పట్టుకెళ్ళింది. ఈలోగా వాళ్ళాయనకి రాజమండ్రి బదిలీ అయింది. సామాన్లతో పాటు మా క్లైమాక్సు కూడా లారీ ఎక్కి వెళ్ళిపోయింది. అది 1971. మాది గుడివాడ. నాకు పదేళ్ళు. నాలుగేళ్ళు ఆగి, లెక్కల నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద ఆ ముగింపు నేనే రాసేశాను. పెళ్ళి చేశాను. పెళ్ళికి బూందీలడ్డు కూడా చేయించాను. నేను ప్రేమకథలు రాయడానికి కారణం ఎవరని అడిగితే రాజమండ్రి వెళ్ళిపోయిన ఆ పిన్నిగారనే చెప్పాలి.

*

తెలుగు నవలకి 'సశేషం' పుట్టుమచ్చ లాంటిది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' సైతం 1878లో 'వివేకవర్ధని'లో భాగాలు భాగాలుగా వచ్చి, ఆ తర్వాతే పుస్తకమయింది. అంటే మనవాళ్ళకి నవల చేతికందిన మొదటిరోజే 'మిగతాది తర్వాత' అని చెప్పి అందించారన్నమాట.

వారం వారం ఎదురుచూసే అలవాటు మనకి వారపత్రికలతో వచ్చింది. దాని వెనక ఒక తలనొప్పి మందు కథ ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడితోనే 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక స్థాపించారు. 1914లో దాన్ని మద్రాసుకి తెచ్చి దినపత్రిక కూడా జోడించారు. రచయిత్రిగా నాకు ఈ సంగతి చాలా ఇష్టం. రాయడానికి పత్రిక ఇచ్చిందీ ఆయనే, రాశాక నుదుటికి రాసుకోవడానికి మందిచ్చిందీ ఆయనే. సరిగ్గా ఆ 1908లోనే లండన్‌లో మిల్స్ అండ్ బూన్ కంపెనీ పుట్టింది. మొదట్లో అదీ ప్రేమకథలకే కట్టుబడిన కంపెనీ కాదు. ఇంగ్లీషు ప్రేమకథల కొట్టూ, తెలుగు సీరియల్ ఇల్లూ ఒకే ఏడాది పునాది వేసుకున్నాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ప్రేమకథ చదివి ఏడవడం మాత్రం మనకి బెంగాల్ నేర్పింది. శరత్‌బాబు నవలల్ని చక్రపాణిగారు తెనిగించారు. మదనపల్లె క్షయ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆయన బెంగాలీ నేర్చుకున్నారని చెబుతారు. ఆ అనువాదాలు ఎంత తెలుగైపోయాయంటే, శరత్ మనవాడే అనుకున్నవాళ్ళు మా అమ్మమ్మ తరంలో బోలెడుమంది. 1953లో 'దేవదాసు' సినిమా వచ్చేనాటికి ఆ ఏడుపు ఇంటింటిదీ అయిపోయింది. మా తాతయ్య ఇంట్లో చలం పుస్తకం కనిపిస్తే తిట్లు, శరత్ పుస్తకం కనిపిస్తే నిట్టూర్పు. రెండింట్లోనూ ఉన్నది ఆడదాని మనసేనని ఆయన గమనించలేదు. ఆ చక్రపాణిగారే తర్వాత 'యువ' మాసపత్రిక నడిపారు. వడ్డాది పాపయ్య బొమ్మ అట్ట మీద ఉంటే, లోపల కథ ఎలా ఉన్నా మా ఇంట్లో ఆ సంచిక పాత కాగితాల వాడికి వెళ్ళేది కాదు.

ఇక 1960ల కాలం. ఆడపిల్లలు హైస్కూలు గడప దాటి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తున్న రోజులు. లోయరు ప్యాసయితే ఒక గౌరవం, హయ్యరు ప్యాసయితే ఇంకో గౌరవం. సరిగ్గా అప్పుడే, 1963లో మొదలైన 'జ్యోతి' మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' ధారావాహికగా వచ్చింది. కృష్ణాజిల్లా కాజ గ్రామం ఆవిడది, అంటే మా పక్కవాళ్ళే. అందరూ రాజశేఖరం గురించి మాట్లాడతారు. కారు, డబ్బు, ఎత్తు, పొగరు. మా పిన్ని మాత్రం జయంతి గురించి మాట్లాడేది. ఆ పిల్ల ఉద్యోగం చేస్తుంది, నెలకి జీతం తెచ్చుకుంటుంది, నచ్చకపోతే నచ్చలేదని చెబుతుంది. రాజశేఖరాన్ని కలగన్నవాళ్ళు ఎంతమందో గాని, మా పిన్ని మాత్రం జయంతి జీతాన్ని కలగన్నది. ఆ మర్నాడే టైపులో చేరింది.

అంతకుముందే కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి కొట్టింది. దాన్నే ఆదుర్తి సుబ్బారావుగారు 'డాక్టర్ చక్రవర్తి'గా తీస్తే, 1964లో తొలి బంగారు నంది ఆ సినిమాకే వెళ్ళింది. ఆవిడ నవలే 'ప్రేమనగర్'. 1971లో రామానాయుడుగారు దాన్ని సినిమా తీసినప్పుడు, ఇది ఆడకపోతే వ్యవసాయానికి వెళ్ళిపోదామనుకున్నారని ఆయనే చెప్పుకునేవారు. ఆడింది. ఎంతలా ఆడిందో వేరే చెప్పక్కర్లేదు. 1973లో యద్దనపూడివారి 'జీవన తరంగాలు', 'మీనా' రెండూ తెరకెక్కాయి. 'మీనా'తో విజయనిర్మలగారు తెలుగులో దర్శకురాలయ్యారు. 1976లో 'సెక్రటరీ' సినిమా అయింది. వంటింట్లో కూర్చుని రాసిన కాగితం మీద మద్రాసులో స్టూడియో దీపాలు వెలిగాయి. రంగనాయకమ్మగారి 'బలిపీఠం'కి రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ద్వివేదుల విశాలాక్షి, లత, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి... మా అమ్మ ఈ పేర్లని చుట్టాల పేర్లలా చెప్పేది. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఈమధ్య ఏమీ రాయలేదు, ఒంట్లో బాగాలేదేమో అని బెంగపడేది.

అప్పట్లో ఈ రాతలకి పెద్దలు పెట్టిన పేరు 'వంటింటి సాహిత్యం'. తిట్టే అది. కానీ ఒక వింత చూడండి. ఆ రోజుల్లోనే మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన పురాణం సీత ఎవరనుకున్నారు? పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. లల్లాదేవి అంటే పరుచూరి నారాయణాచార్యులుగారు. బీనాదేవి అంటే భార్యాభర్తలిద్దరూను. వంటింట్లోకి రావడం నామోషీ అన్నవాళ్ళ మధ్యే, ఆ వంటింటి గుమ్మం మీద పేరు రాయించుకుందామని వరసలో నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. ఆ వంటింటి గుంపులోంచే వచ్చిన సీతాదేవిగారి 'మరీచిక'ని 1982లో ప్రభుత్వం నిషేధించింది. కాకరకాయ పులుసు చదివి ఏ ప్రభుత్వమూ భయపడదు కదా!

*

ఇక నా సంగతి. 1981లో పెళ్ళయి విజయవాడ సత్యనారాయణపురం వచ్చాను. మొదటి సీరియల్ 1986లో అచ్చయింది. ఈ రెండింటికీ మధ్య ఐదేళ్ళూ నేను చేసింది పోస్టాఫీసుని పోషించడమే.

రచన పంపడానికి కొన్ని మర్యాదలుండేవి. తెల్లకాగితం, ఒక పక్కనే రాయాలి. ఎడమవైపు రెండు వేళ్ళ మార్జిను వదలాలి. 'ఇది నా స్వంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు' అని హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన సొంత చిరునామా కవరు జతచెయ్యాలి. ఈ చివరిదే గుండెకోత. మన ఓటమికి మన ఖర్చుతోనే, మన చేతిరాతతోనే చిరునామా రాసి పంపడం. ఆ కవరు తిరిగొచ్చినప్పుడు దూరం నుంచే నా దస్తూరీ గుర్తుపట్టి, మా అత్తగారు, "ఏమే అమ్మాయ్, నీకు నువ్వే ఉత్తరం రాసుకున్నట్టున్నావు!" అనేది. ఎగతాళి అనుకునేదాన్ని. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు అలాంటి కవరు వస్తే, విప్పి, రెండు రోజులు కూర్చుని మొత్తం చదివేసిందట. నేనొచ్చాక ఒక్కటే అడిగింది: "ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళి ఏం చేస్తుందే?" ఆ ప్రశ్నకి జవాబు రాశాకే ఆ నవల అచ్చయింది.

ఒకసారి మాత్రం కవరు తిరిగి రాలేదు, నవలా రాలేదు. పత్రిక పేరు చెప్పను. మూడు ఉత్తరాలు రాస్తే, మాకు చేరలేదని ఒక కార్డు వచ్చింది. నూట డెబ్భై అరఠావులు. రెండో ప్రతి లేదు. ఆ రోజు సాయంత్రం మా ఆయన మాట్లాడకుండా బజారుకి వెళ్ళి ఒక కార్బన్‌పేపర్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, తన కాఫీ తనే కలుపుకున్నారు. నా నవలల్లో ఏ కథానాయకుడూ అంతకంటే మంచి పని చెయ్యలేదు.

నేను నవల రాశానని ఎవరైనా అంటే నాకు కొత్తగా ఉంటుంది. నేనెప్పుడూ నవల రాయలేదు. నవల రాయాలంటే ఒక గది కావాలి, ఒక ఏడాది కావాలి. అవి నాకెవరిస్తారు? నేను రాసింది వారానికి పన్నెండు అరఠావులు. అంటే రోజుకి రెండు, ఆదివారం సెలవు. రోజుకి రెండు అరఠావులంటే ఎంత? పప్పు కుక్కర్ మూడు కూతలు కూసి, చల్లారి, మూత వచ్చేలోపు ఒకటి. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చి లేచేలోపు ఇంకొకటి. కుక్కర్ దగ్గర సంభాషణలు రాసేదాన్ని, అవి పొట్టిగా ఉంటాయి గనక మధ్యలో లేచినా చెడవు. వర్ణనలు మధ్యాహ్నానికి. ప్రేమలేఖలైతే పిల్లలు స్కూలుకి వెళ్ళాకే.

ఇది నా ఒక్కదాని కిటుకని అనుకునేదాన్ని. తర్వాత ఈ పని చేసిన మరికొందరు ఆడవాళ్ళతో మాట్లాడితే అందరి లెక్కా ఇదే. ఒకరు నూనె మరకలు పడకుండా కాగితాల కింద అప్పడాల పీట పెట్టుకునేవారట. ఇంకొకరు కథలో మలుపు తోస్తే మర్చిపోకుండా పాలలెక్క కేలెండరు మీద గుర్తు పెట్టుకునేవారట. అప్పుడనిపించింది: వారపత్రిక సీరియల్ ఒక వ్యాపారపు ఎత్తే కావచ్చు, మరుసటి వారం పత్రిక కొనిపించడానికి వేసిన గాలమే కావచ్చు. కానీ ఆ గాలం కొలత, రాసేదాని రోజుకీ చదివేదాని రోజుకీ సరిగ్గా సరిపోయింది. ఏడాది ఇవ్వని ఇల్లు గురువారం లోపు పన్నెండు కాగితాలు ఇవ్వగలదు. మూడొందల పేజీల పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఊరుకోని ఇల్లు, ఆరు పేజీల సీరియల్ చదువుకుంటే ఏమీ అనదు. తెలుగు ఆడవాళ్ళు ఇన్ని నవలలు ఎలా రాశారంటే, ఎవరూ నవల రాయలేదు. అందరూ వచ్చేవారానికి మాత్రమే రాశారు.

వచ్చేవారానికి రాయడంలో తిప్పలూ ఉన్నాయి. నా రెండో సీరియల్ నాలుగో వారంలో కథానాయిక తండ్రిని గుండెపోటుతో చంపేశాను. పదకొండో వారంలో ఆయన వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగాడు. నేను చూసుకోలేదు, సంపాదకులు చూడలేదు, కంపోజిటరు చూడలేదు. ఏలూరు నుంచి ఒక పాఠకురాలు కార్డు రాసింది: అక్కా, పోయినాయన కాఫీలో పంచదార ఎన్ని చెంచాలు? పన్నెండో వారంలో ఆయన్ని పెదనాన్నగా మార్చి పరువు దక్కించుకున్నాను. పుస్తకంగా వచ్చినప్పుడు దిద్దుదామనుకుని అదీ మర్చిపోయాను.

వారాన్ని ఎక్కడ తెంపాలన్నది ఒక విద్య. ఏడుపు దగ్గర తెంపకూడదు, పాఠకురాలికి ఏడ్చే తీరిక ఉంటే కథ అక్కడే అయిపోయినట్టు. నవ్వు దగ్గరా తెంపకూడదు. చెయ్యి ఎత్తినచోట తెంపాలి, అది కొట్టడానికో, నిమరడానికో చెప్పకుండా. నాకు చేతనైంది ఒక్కటే: తలుపు చప్పుడు. కథానాయిక ఒక్కతే ఉంటుంది, తలుపు చప్పుడవుతుంది, సశేషం. వచ్చేవారం తలుపు తీస్తే పాలబ్బాయి. నాలుగుసార్లు పాలబ్బాయిని పంపాక సంపాదకులు ఉత్తరం రాశారు: అమ్మా, ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరా?

*

ఈ వ్యాపారంలో సగం మా విజయవాడలోనే జరిగేది. ఏలూరు రోడ్డు పొడుగునా పుస్తకాల దుకాణాలు, వాటి వెనక సందుల్లో అచ్చాఫీసులు, బైండింగు గదులు. 'ఎమెస్కో' పేరు విని అదేదో పరదేశపు మాట అనుకునేదాన్ని. ఎం. శేషాచలం అండ్ కో అని తెలిశాక నవ్వొచ్చింది. 1970లో 'స్వాతి' మాసపత్రిక ఇక్కడే పుట్టింది. తర్వాత దాంతోపాటు అనుబంధ నవల కూడా ఇచ్చేవారు. 1984లో 'స్వాతి' వారపత్రిక వచ్చింది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' వచ్చినప్పటి నుంచి గాలి మారింది. ప్రేమకథల వీధిలో చేతబడి దిగింది. సంపాదకులు నన్ను కూడా కాస్త క్షుద్రం కలపమన్నారు. ప్రయత్నించాను. నా దెయ్యం మూడో వారానికల్లా కథానాయకుడి మీద మనసు పారేసుకుంది.

సీరియల్ అయ్యాక పుస్తకం. నా మొదటి నవలని ఒక ప్రచురణకర్త పన్నెండు వందల రూపాయలకీ, పది కాపీలకీ తీసుకున్నారు. 'సర్వహక్కులు' అన్న మాట మీద నేను ఆగలేదు. ఆ మాటకి అర్థం నాలుగో ముద్రణ చూశాక తెలిసింది. అయినా ఆ పన్నెండు వందలతో ఒక టేబుల్ ఫ్యానూ, రాసుకోవడానికి వాలుబల్లా కొన్నాను. ఆ బల్ల మీదే తర్వాతి ఏడు నవలలూ రాశాను కాబట్టి ఆయనకి తిట్టూ పెట్టలేను, దణ్ణమూ పెట్టలేను.

పుస్తకం కొనేవాళ్ళు తక్కువ. అద్దెకి తీసుకునేవాళ్ళే ఎక్కువ. మా వీధి చివర ఒక రిటైరయిన మేష్టారి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. పది రూపాయలు డిపాజిట్టు, రోజుకి పావలా, తర్వాత అర్ధరూపాయి. పేజీ చింపితే పూర్తి వెల. కొత్త నవల రాగానే ఆయన మొదట అట్ట పీకేసి, దళసరి అట్టతో మళ్ళీ బైండు చేయించేవారు. లావు నవలైతే మధ్యకి కోసి రెండు బైండ్లు చేసేవారు. మొదటి సగం ఒకరింట్లో ఉండగా రెండో సగం ఇంకొకరింట్లో పావలా సంపాదించేది. నా నవలని నా కళ్ళ ముందే కత్తితో రెండు ముక్కలు చేస్తుంటే, ఇది నేనే రాశానండీ అన్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "అయితే ఎక్కడ కొయ్యమంటావో నువ్వే చెప్పమ్మా" అన్నారు. తలుపు చప్పుడు దగ్గర కొయ్యమన్నాను.

ఆ అద్దె పుస్తకాల చివరి పేజీలే మాకు విమర్శ. పెన్సిలుతో 'బాగుంది', కింద ఇంకొకరు 'ఏం బాగుంది?', ఆ కింద మరొకరు 'హీరోకి బుద్ధి లేదు'. పత్రికలో సమీక్ష రాని నాకు ఆ మూడు మాటలే దిక్కు. మూడో ఆవిడ మాట పట్టుకునే నా కథానాయకులకి కాస్త బుద్ధి నేర్పడం మొదలుపెట్టాను.

1991లో ఆంధ్రపత్రిక మూతపడింది. 1995లో ఈటీవీ వచ్చింది. సీరియల్ అన్న మాట పేరు మార్చుకోకుండానే కాపురం మార్చేసింది. అదే తలుపు చప్పుడు, అదే పాలబ్బాయి, కానీ వారానికోసారి కాదు, రోజూ. మేష్టారి కొట్టు ముందు కేసెట్ల కొట్టయింది, ఆ తర్వాత ఎస్టీడీ బూతయింది. పురికొసతో కుట్టేవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. వాళ్ళని తప్పుపట్టను, నేనూ కూర్చున్నాను. 1999లో నా చివరి సీరియల్ వచ్చింది. తర్వాత ఇరవై ఏళ్ళు చాకలిపద్దు తప్ప ఏమీ రాయలేదు.

*

2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి అనే కథల యాప్‌ని 2019లో మా కోడలు నా ఫోనులో పెట్టింది. ఒక కథ చదివాను. చివర్లో ఒక మాట కనిపించి గుండె ఝల్లుమంది: 'తరువాయి భాగంలో'. చచ్చిపోయిందనుకున్న చుట్టం వీధరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నట్టుంది.

ఇప్పుడు నా రోజు ఇలా నడుస్తుంది. నాలుగున్నరకి లేస్తాను. డికాషన్ దిగేలోపు నిన్న రాసింది చదువుకుంటాను. ఐదు నుంచి ఏడింటి దాకా మూడొందల మాటలు. అంతకంటే ఎక్కువ రాయను, వచ్చినా ఆపేస్తాను. రేపటికి కాస్త మిగలాలి, ఇడ్లీపిండిలా. వారానికి రెండు భాగాలు. వంద భాగాలు పూర్తి చెయ్యాలని పెట్టుకున్నాను, నలభై ఒకటో భాగం మీద ఉన్నాను. గోడ మీద పాలలెక్క కేలెండర్లోనే భాగం ఎక్కించిన రోజున సున్నా చుడతాను. నూరు సున్నాలు ఒక్కసారి తలచుకుంటే భయం. రేపటి సున్నా ఒక్కటే అయితే భయమేముంది?

బొటనవేలితో తెలుగు టైపు చెయ్యడం ఈ వయసులో నేర్చుకున్నాను. ఫోను నా మాటని తనే దిద్దుతుంది. 'కోపంగా చూశాడు' అని కొడితే 'కోడిగా చూశాడు' అని పడింది. దిద్దకుండా ఎక్కించేశాను. ముప్ఫైమంది నవ్వారు, ఒకావిడ ఆ పోలిక చాలా కొత్తగా ఉందని మెచ్చుకుంది. ఏడయ్యేసరికి బొటనవేలు పీకుతుంది. నాగేశ్వరరావు పంతులుగారి పసుపుపచ్చ సీసా ఇంకా దొరుకుతోంది కనుక బతికిపోయాను. అప్పట్లో నుదుటికి రాసుకునేదాన్ని, ఇప్పుడు వేలికి.

కథలెక్కడినుంచి వస్తాయని పిల్లలు అడుగుతుంటారు. పోయిన నెల బీసెంట్ రోడ్డులో ఒక మ్యాచింగ్ సెంటరుకి వెళ్ళాను. నా పక్కన యాభై దాటిన మనిషి, చొక్కా జేబులోంచి అంగుళమంత చీర అంచు ముక్క తీసి కౌంటరు మీద పరిచాడు. కుర్రాడు ఒక గుడ్డ చూపించాడు. ఈయన దాన్ని ట్యూబులైటు కింద కాదని గుమ్మం దాకా పట్టుకెళ్ళి, ఎండలో పెట్టి చూసి, "ఇది ఉల్లిపొర రంగు బాబూ, మా ఆవిడది ఉల్లిపొట్టు" అన్నాడు. ఏడు తానులు దింపించాడు. ఎనిమిదోది కుదిరింది. ఆ ముక్కని మళ్ళీ మడతపెట్టి జేబులో దాచుకుంటుంటే చూశాను. యాభై ఏళ్ళుగా మేమంతా కథానాయకుడిని కారులోంచి దింపుతూ వచ్చాం. ఆరడుగులు, గాగుల్సు, ఖరీదైన సూటు. ఉల్లిపొరకీ ఉల్లిపొట్టుకీ తేడా తెలిసినవాడిని ఒక్కణ్ణీ దింపలేదు. ఇప్పుడు నా నలభై ఒకటో భాగంలో ఆయన ఉన్నాడు. కాస్త వయసు తగ్గించాను, భార్యని ఇంకా భార్య కానివ్వలేదు, అంతే.

భాగం ఎక్కించిన పావుగంటకి మాటలు మొదలవుతాయి. 'నెక్స్ట్ పార్ట్ ప్లీజ్.' 'అక్కా, ఇలా ఆపేస్తే ఎలా?' ఒకమ్మాయి డల్లాస్ నుంచి, ఒకమ్మాయి సిద్దిపేట నుంచి. మేష్టారి కొట్టులో పెన్సిలు రాతలే ఇవి. చదివేది కూడా అవే సందుల్లో: బస్సులో, బిడ్డని పడుకోబెడుతూ, ఆఫీసులో భోజనం దగ్గర. కుక్కర్ కూతలు మాత్రం ఏ దేశంలోనైనా మూడే. 2018లో యద్దనపూడి సులోచనారాణిగారు పోయినప్పుడు ఆవిడ శకం ముగిసిందని రాశారు. నాకైతే పాఠకురాలు ఎక్కడికీ పోలేదనిపించింది. వీధి మారింది, అంతే.

అమ్మ కుట్టిన పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. 1983లో మేష్టారి కొట్టులో ఆ నవల పుస్తకంగా దొరికింది. నిలబడే చివరి భాగం చదివేశాను. అందులోనూ పెళ్ళే జరిగింది, బూందీలడ్డు మాత్రం లేదు. పావలా ఇచ్చి పుస్తకం తీసుకుని, గుడివాడ బస్సెక్కి అమ్మకి ఇచ్చాను. పన్నెండేళ్ళు ఎదురుచూసిన ముగింపు కదా, ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అమ్మ ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, చదవకుండానే నా సంచీలో తిరిగి పెట్టేసింది. "అయిపోతే ఇంకేముంటుందే? ఇలాగే ఉండనీ" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆ మాటే నన్ను కుర్చీలో కూర్చోబెడుతోంది.

ఆ పుస్తకానికి ఇరవై నాలుగో వారం నేనూ కుట్టలేదు. దబ్బనం కూడా ఆ ట్రంకుపెట్టెలోనే దొరికింది, దాంతో మామిడిపళ్ళ బుట్టకి గోనెపట్టా కుట్టి మొన్న కూతురికి పంపాను.

ఏడు కావడానికి ఐదు నిమిషాలుంది. ఈరోజు మూడొందల మాటలూ అయ్యాయి. ఆ అమ్మాయి బ్లౌజుగుడ్డ పొట్లం చేతిలో పట్టుకుని ఇంట్లో ఒక్కతే కూర్చుంది. ఎక్కడ తెంపాలా అని ఆలోచిస్తుంటే మా ఇంటి తలుపే చప్పుడైంది.

పాలపాకెట్ల కుర్రాడు.